పగను గెలిచిన ఆటగాడు

ఫుట్‌బాలు ఆటయందు ఒక్కొక్క జట్టునకు పదునొకండుగురు ఆటగాండ్రుందురు. వారిలో పదిమంది బంతిని కాలితో తన్నుచు, తలతో కొట్టుచు మైదానమంతయు పరుగులిడుచుందురు. పదునొకండవవాడు మాత్రము తన తావు విడిచి దూరము పోరాదు. 24 అడుగుల వెడల్పును, 8 అడుగుల ఎత్తును గల గోలును కాచుట అతని పని. జట్టులో బంతిని చేతితో పట్టుటకు అతనికొక్కనికే అధికారము కలదు. ముందువరుస ఆటగాడు పదిమారులు గుఱి తప్పి ఒక్కమారు గోలు చేసినచో జనులు వానిని భుజములపై మోయుదురు. గోలుకీపరు పదిమారులు బంతిని ఆపి ఒక్కమారు విడిచినచో ఆ ఒక్కదానినే తలచుకొని నిందింతురు. ఇట్టి కఠినమైన కార్యమును పరదేశమున పదునైదేండ్లు నిర్వహించి, తొలుత తనను ద్వేషించిన జనులచేతనే ఆత్మీయుడనిపించుకొన్న జర్మను ఆటగాడు బెర్ట్ ట్రౌట్‌మన్.

అతడు 1923 అక్టోబరు 22వ తేదీన జర్మనీ ఉత్తరభాగమున నున్న బ్రెమెన్ అను రేవుపట్టణమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు బెర్న్‌హార్డ్. తండ్రి రేవునందలి యొక ఎరువుల కర్మాగారమున పనిచేయుచుండెడివాడు. మొదటి ప్రపంచయుద్ధమున ఓడిపోయిన జర్మనీకి అవి గడ్డుదినములు. ధరలు ఆకాశమునంటెను; పనులు దొరకక లక్షలాది జనులు వీథుల పాలైరి. ట్రౌట్‌మన్ కుటుంబముకూడ ఇబ్బందులకు లోనై, ఉన్న యిల్లు విడిచి కార్మికులు నివసించు మఱియొక పేటకు చేరవలసి వచ్చెను. ఆ లేమిలో బాలునకు ఆటలే వినోదము. ఫుట్‌బాలు మాత్రమే కాక, బంతిని చేతితో విసరు హ్యాండుబాలునందును అతడు నేర్పరి యయ్యెను. ఆ చేతివిసురు ముందు ముందు తనకెంత ఉపకరించునో అప్పుడతడెఱుగడు.

1933వ సంవత్సరమున హిట్లరు జర్మనీకి అధినేత యయ్యెను. అతని నాజీపక్షము దేశమందలి బాలురను తన సంఘములలో చేర్చుకొని, ఆటలతోను పాటలతోను శిబిరములతోను వారి మనస్సులను ఆకట్టుకొనెను. జర్మనులు తక్కిన జాతులకంటె గొప్పవారనియు, దేశమునకు కలిగిన కష్టములన్నిటికిని యూదులే కారణమనియు ఆ పసివారికి నూరిపోసెను. బెర్న్‌హార్డు కూడ ఆ సంఘమున చేరెను. పరుగుపందెములు, ఆటలు కావలసినన్ని దొరకుటచే అతడు సంతోషముతో అందు మెలగెను. తనకు చెప్పినదానిని ప్రశ్నింపవలెనని అతనికి తోచలేదు. ప్రశ్నించుటను నేర్పువారును లేరు.

1939లో రెండవ ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. మోటారు బండ్ల మరమ్మతు నేర్చుకొనుచున్న ట్రౌట్‌మన్ 1941లో, పదునెనిమిదేండ్లు నిండకమునుపే, సైన్యమున చేరి పారాచూటు దళమున సైనికుడయ్యెను. తూర్పుదిక్కున రష్యనులతో మూడేండ్లు పోరాడెను. శౌర్యమునకుగాను ఇనుప శిలువ అను పతకమును పొందెను. కాని అక్కడనే అతడు మఱవరాని దారుణ మొకదానిని చూచెను. ఒక అడవిలో నాజీ దళమువారు యూదులను, స్త్రీలని బిడ్డలని చూడక, గోతుల యొద్ద నిలువబెట్టి కాల్చి చంపుచుండగా అతడు చాటునుండి చూచెను. ఆ దృశ్యము తన్ను జీవితాంతము వెంటాడెనని వృద్ధాప్యమున అతడు చెప్పుకొనెను. ఐనను యుద్ధము ముగియువఱకు అతడు ఆ సైన్యమునందే యుండెను. ఈ రెండు సంగతులును నిజమే. అతని చరిత్రమును చదువువారు రెంటిని గుర్తుంచుకొనవలెను.

తరువాత అతనిని పడమటి రణరంగమునకు పంపిరి. యుద్ధము ముగియవచ్చిన 1945లో, దళము చెల్లాచెదరు కాగా, అతడు ఒంటరిగా స్వస్థలమునకు నడచి పోవుచుండెను. శత్రుసైనికుల కంటబడి, ప్రాణభీతితో ఒక కంచె దూకి పారిపోబోయెను. కంచెకావల నొక బ్రిటిషు సైనికుడు నిలిచి యుండెను. తుపాకి పేలుననుకొన్న ట్రౌట్‌మన్‌ను ఆ సైనికుడు టీ త్రాగెదవా యని పలుకరించెనట! అట్లు పట్టుబడిన అతనిని యుద్ధఖైదీగా ఇంగ్లండునకు పంపిరి. కొన్ని తావులు మార్చిన పిదప లాంకషైరు మండలమున ఆష్టన్ అను ఊరి యొద్దనున్న 50వ నెంబరు శిబిరమున నుంచిరి.

ఖైదీలు పగలు పొలములలోను ఇతర స్థలములలోను పనిచేయుదురు. తీరిక వేళల ఫుట్‌బా లాడుదురు. ట్రౌట్‌మన్ తొలుత మైదానము నడుమ ఆడువాడే. ఒకనాడు చుట్టుప్రక్కల జట్టుతో ఆడుచు గాయపడి, ఆట విడిచిపోవుటకిష్టపడక, గోలుకీపరుతో తావు మార్చుకొనెను. ఆనాటినుండి అదియే అతని స్థాన మయ్యెను. బెర్న్‌హార్డ్ అని పలుకుట కష్టమైన ఇంగ్లీషువా రతనిని బెర్ట్ అని పిలువసాగిరి. ఆ పేరే నిలిచెను.

శిబిరము చుట్టునున్న పల్లెలవారితో పరిచయము పెరిగినకొలది అతని మనస్సు మాఱుచు వచ్చెను. చిన్ననాట తాను విన్న మాటలకును, ఇక్కడ తాను చూచుచున్న మనుష్యులకును పొత్తు లేదు. శత్రువులని పేరుపడినవారు అతనిని మనిషిగానే చూచిరి. ఇంగ్లండునందే తనకు నిజమైన విద్య లభించెనని అతడు పిమ్మట పలుమారులు చెప్పెను. 1948లో శిబిరమును మూసివేసి ఖైదీలను స్వదేశమునకు పంపుచుండగా అతడు పోక అక్కడనే నిలిచెను. పొలములలో పనిచేసెను, బాంబులను తొలగించు పనిలో చేరెను, సెంట్ హెలెన్స్ టౌన్ అను చిన్న జట్టునకు గోలు కాచెను. అతని ఆట చూచుటకు వేలకొలది జనులు రాసాగిరి. ఆ సంఘపు కార్యదర్శి కుమార్తెను 1950లో వివాహమాడెను.

ఇంతలో మాంచెస్టరు నగరమున ఒక ఖాళీ ఏర్పడెను. మాంచెస్టర్ సిటీ జట్టు గోలుకీపరు ఫ్రాంక్ స్విఫ్ట్ ఇంగ్లండులో మిగుల ప్రఖ్యాతుడు. అతడు 1949లో ఆట మానుకొనెను. ఆ స్థానమునకు సిటీవారు 1949 అక్టోబరులో ట్రౌట్‌మన్‌ను తీసికొనిరి. ఆ వార్త నగరమున నిప్పు రాజేసెను. మాంచెస్టరు జర్మను విమానముల బాంబులకు గురియైన పట్టణము. 1940 డిసెంబరున క్రిస్మసు పండుగ ముంగిట రెండు రాత్రులు కురిసిన బాంబులవలన వందలమంది చనిపోయిరి. అదే నగరమందలి మఱియొక జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌వారి మైదానము 1941లో కూలిపోగా, వారు 1949 వఱకు సిటీవారి మైదానముననే ఆడవలసి వచ్చెను. కొడుకులను, అన్నదమ్ములను యుద్ధమున పోగొట్టుకొన్న కుటుంబములు వీథివీథిని ఉండెను. పైగా ఆ నగరమున యూదుల సంఖ్య తక్కువ కాదు. జర్మను పారాచూటు సైనికుడు తమ గోలు కాచుటా యని జనులు మండిపడిరి. సుమారు 20 వేలమంది నిరసన తెలుప గుమిగూడిరి. సీజను టిక్కెట్లు తిరిగి యిచ్చివేయుదుమని కొందఱు బెదరించిరి.

ఆ కోపమును అన్యాయమనుటకు వీలులేదు. గాయము పచ్చిగా నున్నది. ఆ సమయమున ఇరువురు పలికిన మాటలు ట్రౌట్‌మన్ భవిష్యత్తును నిర్ణయించెను.

మొదటివాడు జట్టు నాయకుడు ఎరిక్ వెస్ట్‌వుడ్. అతడు నార్మండీ తీరమున జర్మనులతో పోరాడిన సైనికుడు. కొత్తవానిని జట్టువారికి పరిచయము చేయుచు, ఈ గదిలో యుద్ధము లేదనియు, ఇతడు తక్కినవారివలెనే మనవాడనియు చెప్పి, చేయి చాచి స్వాగతమిచ్చెను.

రెండవవాడు మాంచెస్టరు యూదుల మతగురువు అలెగ్జాండర్ ఆల్ట్‌మన్. అతడు బెర్లినులో గురువుగా నుండి, నాజీల హింసకు తాళలేక 1938లో ఇంగ్లండు చేరిన పండితుడు. జర్మనులను ద్వేషించుటకు అతనికంటె ఎక్కువ హక్కు గలవారు అరుదు. ఐనను అతడు స్థానికమైన యొక పత్రికకు బహిరంగలేఖ వ్రాసెను. జర్మనులు చేసిన క్రూరకృత్యములను అతడు తక్కువ చేసి చెప్పలేదు, మఱచిపొండని చెప్పలేదు. ఒక దేశము చేసిన పాపమునకు ఆ దేశమున పుట్టిన ఒక్కొక్కని శిక్షించుట న్యాయము కాదనియు, ప్రతి మనిషిని అతని నడవడినిబట్టియే తూచవలెననియు మాత్రము చెప్పెను. పుట్టుకనుబట్టి మనుష్యులను శిక్షించుట నాజీల పద్ధతి. ఆ పద్ధతిని ఆల్ట్‌మన్ తన పగవానియెడలను అనుసరింప నిరాకరించెను. ఆ లేఖతో నగరపు వేడి కొంత చల్లారెను. తీర్పును జనులు మైదానమునకు విడిచిరి.

1949 నవంబరు 19వ తేదీన ట్రౌట్‌మన్ బోల్టన్ జట్టుపై సిటీ పక్షమున మొదటిసారి ఆడెను. ఊరి జనులు మెల్లగా మెత్తబడిరి గాని, పరస్థలములందు అవమానములు తప్పలేదు. ఆతడు బంతి తాకినప్పుడెల్ల జనులు కేకలువేసి నాజీ యని తిట్టుచుండిరి. 1950 జనవరిలో లండను నగరమున ఫుల్‌హమ్ జట్టుతో ఆట జరిగెను. లండనుకూడ బాంబులచే నలిగిన నగరమే. ఆనాడు ఫుల్‌హమ్‌వారు బలముగా ఆడిరి. గోలు తరువాత గోలు పడవలసిన తావున ట్రౌట్‌మన్ ఎగిరి, దుమికి, ప్రక్కలకు వ్రాలి బంతినాపెను. సిటీజట్టు ఓడినను ఒక్క గోలు తేడాతో మాత్రమే ఓడెను. ఆట ముగియగానే తిట్టిన జనులే లేచినిలిచి కరతాళధ్వనులు చేసిరి. రెండు జట్టుల ఆటగాండ్రును ఇరువైపుల వరుసగా నిలిచి అతనిని నడుమ నడిపించిరి. తిట్టుకు తిట్టు బదులీయక, అతడు తన పనినే తన సమాధానముగా చూపెను.

గోలును కాచుటతోనే అతడు తృప్తిపడలేదు. ఆ కాలమున గోలుకీపరులు పట్టిన బంతిని సాధారణముగా ఎత్తుగా దూరముగా తన్నివేయుచుండిరి. అట్లు తన్నిన బంతి ఎవరిపాలగునో తెలియదు. ట్రౌట్‌మన్ చిన్ననాటి హ్యాండుబాలు నేర్పుతో బంతిని దూరమునకు సూటిగా విసరి తన జట్టువానికే అందించుచుండెను. ఆ విధముగా రక్షణమునుండియే దాడి మొదలయ్యెడిది. సిటీవారు తమ ఆటపద్ధతిని దానికనుగుణముగా మలచుకొని 1955లో ఇంగ్లండునందలి ప్రసిద్ధమైన ఎఫ్.ఎ. కప్పు తుదిపోటీకి చేరిరి. ఆ పోటీ ఆడిన మొదటి జర్మనుడు ట్రౌట్‌మన్. కాని న్యూకాజిల్ జట్టు ఆనాడు 3-1 గోలులతో గెలిచెను.

మఱుసటి యేడు సిటీజట్టు మరల తుదిపోటీకి వచ్చెను. ఆ యేడు ఫుట్‌బాలు పత్రికారచయితలు ఇంగ్లండునందలి ఉత్తమ ఆటగాడుగా ట్రౌట్‌మన్‌నే ఎన్నుకొనిరి. ఒక గోలుకీపరున కా గౌరవము దక్కుట అదే మొదలు. 1956 మే 5వ తేదీన వెంబ్లీ మైదానమున లక్షమంది ప్రేక్షకుల యెదుట బర్మింగ్‌హమ్ సిటీ జట్టుతో ఆట జరిగెను. మాంచెస్టరువారు 3-1 గోలులతో ముందున్నారు. ఇంక 17 నిమిషములు మిగిలినవి.

బర్మింగ్‌హమ్ ఆటగాడు పీటర్ మర్ఫీ బంతికై దూసికొని వచ్చెను. ట్రౌట్‌మన్ తలముందుగా దుమికి అతని పాదములయొద్ద బంతిని పట్టెను. ఆ వేగమున మర్ఫీ మోకాలు అతని మెడకు బలముగా తగిలెను. ట్రౌట్‌మన్ స్పృహ తప్పి పడెను. గాయపడినవానికి బదులు మఱియొకని ఆడించు నియమము ఆ కాలమున లేదు. ఇంగ్లీషు లీగులో అది 1965లో గాని రాలేదు. అతడు వెడలినచో పదిమందియే మిగులుదురు. గోలు కాచుటకు ఆ పని నెఱుగని ఆటగాడు నిలువవలెను. ట్రౌట్‌మన్ లేచెను. కాళ్లు తడబడుచుండెను, చూపు మసకబాఱెను. మెడ పట్టుకొని గోలుముందు నిలిచెను. ఆ స్థితిలోనే మరల బంతికై ముందునకురికి దానినాపెను. మఱియొకమారు తన జట్టువానితోనే ఢీకొని కూలెను, మరల లేచెను. ఆట ముగిసెను. మాంచెస్టరు గెలిచెను. బహుమానముల వేళ అతని మెడ ఒకవైపునకు వంగియుండుటను రాణిగారి భర్త ఫిలిప్ గమనించి ప్రస్తావించెను.

మొదట చూచిన వైద్యులు మెడ పట్టినదనియే తలచిరి. నొప్పి తగ్గలేదు. నాలుగు దినముల పిమ్మట మాంచెస్టరులో ఎక్స్-రే తీయగా నిజము బయటపడెను. మెడయందలి ఐదు పూసలు స్థానము తప్పినవి. రెండవ పూస రెండుగా చీలినది. మెదడునుండి శరీరమునకంతటికిని ఆజ్ఞలు గొనిపోవు వెన్నుపాము ఆ పూసల నడుమనే ఉండును. అది తెగినచో మనుష్యుడు బ్రతుకుట దుర్లభము. మూడవ పూస జరిగివచ్చి రెండవదానికి చీలవలె అడ్డుపడుటచే అతని ప్రాణము దక్కెను. ఇది ఇతరులనుకరింపదగిన సాహసము కాదు. తన మెడ విరిగినదని తెలిసియుండినచో అతడును ఆడియుండకూడదు. నేటి ఆటలలో తలకు, మెడకు దెబ్బతగిలినవానిని వెంటనే వైద్యులు పరీక్షింతురు, అదియే ఉచితము. ఆనాటి నియమములలోని లోపమునుకూడ ఈ సంఘటనము తెలుపుచున్నది.

అతని శరీరమునకు ప్లాస్టరు కట్టు కట్టి నెలల తరబడి కదలనీయలేదు. ఆ కట్టుతో నున్న దినములలోనే అంతకంటె పెద్ద దెబ్బ తగిలెను. అతని కుమారుడు కారు క్రిందబడి మరణించెను. లోకమంతయు వీరుడని పొగడుచున్న వేళ ఆ యింట దీపమాఱెను. ఈ దుఃఖమును అతడు ఎన్నడును పూర్తిగా దాటలేకపోయెను. ఐనను 1956 డిసెంబరున మరల మైదానమున నిలిచెను. మొదట పూర్వపు చుఱుకుదనము కానరాలేదు. ఇక మానుకొనుట మేలని పెక్కుమంది యనిరి. 1957-58లో సిటీజట్టు లీగుపోటీలలో 104 గోలులు చేసి, 100 గోలులు ఎదుటివారికి సమర్పించెను. గోలుకీపరునకవి ఎట్టి దినములో ఊహింపవచ్చును. అతడు తొలగలేదు, మెల్లగా తన నేర్పును తిరిగి సంపాదించెను.

1964 వఱకు అతడు మాంచెస్టర్ సిటీ పక్షమున 545 ఆటలాడెను. ఆ యేటి ఏప్రిలు 15వ తేదీన అతని గౌరవార్థము వీడ్కోలు ఆట జరుపగా 47 వేలమంది వచ్చిరి. పదునైదేండ్ల క్రిందట అతడు రాకూడదని గుమిగూడిన ఊరే, అతడు వెడలుచున్నాడని ఇప్పుడు గుమిగూడెను.

ఇంత పేరుగన్నను అతడు స్వదేశపు జట్టున ఒక్క ఆటయైన ఆడలేదు. పశ్చిమ జర్మనీ శిక్షకుడు జెప్ హెర్బెర్గర్ స్వదేశమున ఆడువారినే ఎన్నుకొనుచుండెను. 1954లో ఆ జట్టు ప్రపంచ కప్పు గెలిచిన దినమున ట్రౌట్‌మన్ అందు లేడు. ఇంగ్లండు నెన్నుకొన్నందుల కతడు చెల్లించిన మూల్యమది.

ఆట విడిచిన పిదప కొన్ని జట్టులకు నిర్వాహకుడుగాను శిక్షకుడుగాను పనిచేసెను. 1972 మొదలు జర్మను ఫుట్‌బాలు సంఘముతరఫున ధనములేని దేశములలో ఆట నేర్పుటకు పోయెను. బర్మా, టాంజానియా, లైబీరియా, పాకిస్తాను, యెమెను దేశములలో యువకులకు శిక్షణమిచ్చెను. అన్య జాతులు తక్కువవని చిన్ననాట నేర్చిన బాలుడు, పెద్దవాడై ఆ జాతుల బిడ్డలనడుమ తనకు తెలిసిన విద్యను పంచిపెట్టెను. 1988లో విశ్రాంతి తీసికొని స్పెయిను దేశమున వలెన్సియా నగరప్రాంతమున స్థిరపడెను. ఆటద్వారా ఇంగ్లండునకును జర్మనీకిని మైత్రి పెంపొందించినందులకు బ్రిటిషు ప్రభుత్వము 2004లో అతనికి ఓ.బి.ఇ. అను బిరుదమిచ్చెను. 2013 జూలై 19వ తేదీన, 89వ యేట, అతడు మరణించెను.

మెడ విరిగినను గోలు విడువలేదను కథవలననే ట్రౌట్‌మన్‌ను లోకము తలచుకొనును. కాని ఆ పదునేడు నిమిషములకంటె అతడు మాంచెస్టరునందు గడపిన తొలి నెలలే కష్టతరమైనవి. అప్పుడు అతనిని నిలిపినది అతని బలము మాత్రమే కాదు. చేయి చాచిన వెస్ట్‌వుడ్, కలము పట్టిన ఆల్ట్‌మన్, మనస్సు మార్చుకొన్న వేలకొలది సామాన్యులు అతని వెనుక నిలిచిరి. తన పూర్వమును దాచక, దానికి తగిన బదులు తన నడవడిచే చెల్లింప యత్నించుట అతని వంతు. అట్టి అవకాశమును పగవానికైనను ఇచ్చుట ఆ నగరపు వంతు. ఇరువురును తమ తమ వంతు నెరవేర్చిరి.